సింగిడి కాలనీ మొదటి నల్లా

పెళ్లికి షామియానా వేయించినంత సులువుగా జనం గతవీధిని వేయించుకుంటున్న రోజులవి. షష్టిపూర్తికైనా, బడి వార్షికోత్సవానికైనా డ్రైవరు లేని చిన్న వ్యాను ఒకటి వచ్చి, హాలు మధ్యలో రుబ్బురోలంత యంత్రాన్ని దింపి పోయేది. కాసేపటికి దాని చుట్టూ ఎప్పుడో గడిచిపోయిన ఒక రోజు వెలుగై లేచి నిలబడేది. మనుషులు అందులో నడుస్తూ, తమ తాతల పెళ్లి ఊరేగింపులో తామూ కలిసిపోయేవారు.

హనుమకొండ శివారులోని సింగిడి కాలనీ కూడా తన యాభై ఏళ్ల పండుగకు గతవీధిని పిలిపించుకుంది. ఏ రోజును చూడాలన్న దాని మీద వాదనేమీ రాలేదు. మొక్కజొన్న చేలల్లో ప్లాట్లు కొని, ట్యాంకరు కోసం ఎండలో బిందెలు వరుసపెట్టి, ఒకరినొకరు తిట్టుకుని, మళ్లీ సాయంత్రానికి కలిసి చాయ్ తాగిన ఆ తొలి తరానికి మరిచిపోలేని రోజు ఒక్కటే. కాలనీకి మొదటి నల్లా వచ్చిన రోజు.

ఆ నల్లా తెచ్చింది రజిత. కాలనీలో మొదటి ఇల్లు ఆమెదే. రెండేళ్లపాటు మున్సిపాలిటీ ఆఫీసు చుట్టూ తిరిగి, ఇంజనీరు కుర్చీ ఎదుట నేల మీద కూర్చుని మరీ పైపులైను సాధించింది. ఇప్పుడు ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్లు. మోకాళ్లు సహకరించవు గాని, మాటలో బిగువు తగ్గలేదు.

అయితే ఆ రోజు నల్లా తిప్పింది మాత్రం ఆమె కాదు. కొబ్బరికాయ మరిచిపోయామని రజిత ఇంట్లోకి పరుగెత్తింది. ఆ కాస్త వ్యవధిలోనే ఆఫీసరు తొందరపడి "ఎవరో ఒకరు తిప్పండమ్మా" అన్నాడు. ఎదురింటి ప్రసన్న నవ్వుతూ ముందుకు వచ్చి తిప్పేసింది. రజిత కాయతో తిరిగి వచ్చేసరికి నీళ్లు పారుతున్నాయి, అందరూ ప్రసన్న చుట్టూ చేరి కేరింతలు కొడుతున్నారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ ఇద్దరూ ఎదురెదురు ఇళ్లలో ఉన్నారు. పప్పు గిన్నెలూ పచ్చళ్లూ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరిగాయి. రజిత గుండెలోని మంట మాత్రం చల్లారలేదు.

గతవీధిని తయారుచేసిన బృందంలోని డాక్టర్ నీలవేణి స్వయంగా వచ్చింది. ఆ రోజును కళ్లారా చూసినవాళ్లందరినీ ఒక్కొక్కరినే కూర్చోబెట్టి నుదుటికి మెత్తటి పట్టీ కట్టింది. వాళ్లు ఆ రోజును తలుచుకుంటుంటే, మెదడులో కదిలే సంకేతాల నుంచి యంత్రం స్మృతి తంతువులను లాగి, అన్నిటినీ కలిపి హోలోగ్రామ్‌గా నేసింది.

పండుగకు ముందు పరీక్షగా మొదటిసారి వేసి చూసినప్పుడు రజిత మోకాళ్ల వైద్యానికి ఆసుపత్రిలో ఉండిపోయింది. రెండోసారికి వచ్చింది. కాలనీ హాలు తలుపు తీయగానే పాత మట్టి రోడ్డు, నీలం డ్రమ్ములు, ప్లాస్టిక్ బిందెలు కనిపించాయి. నల్లా దగ్గర ప్రసన్న నిలబడి ఉంది. ఎంత స్పష్టంగా ఉందంటే, మెడ మీద చెమటకు అంటుకున్న వెంట్రుకలు కూడా లెక్కపెట్టవచ్చు. చిలకపచ్చ చీర కొంగు నడుముకు దోపిన తీరు, నవ్వినప్పుడు కాస్త వంకరగా కనిపించే పై పన్ను, గాజుల చప్పుడు, ఏదీ తప్పిపోలేదు.

రజిత తన రూపం కోసం వెతికింది. జనం వెనక, కొబ్బరికాయ పట్టుకుని మసక ఆకారం ఒకటి ఉంది. దానికి మొహం లేదు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వెళ్లి, మర్నాడు పొద్దున్నే నీలవేణి దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, ఆఫీసుల చుట్టూ చెప్పులు అరిగేదాక తిరిగింది నేను. నాకు మొహం సుత లేదు. నల్లా తిప్పినామెకేమో దేవతలెక్క వెలుగు. ఇదెక్కడి న్యాయం?"

"న్యాయం యంత్రానికి తెలియదు పెద్దమ్మా" అంది నీలవేణి. "జంపఖానా నేసినట్టే అనుకోండి. ఏ రంగు నూలు ఎక్కువ పడితే ఆ రంగే పైకి కనిపిస్తుంది. చూసినవాళ్లు ఎవరిని ఎక్కువ శ్రద్ధగా చూశారో ఆ మనిషి స్పష్టంగా వస్తారు. తన మొహం తనకు కనిపించదు కదా, అందుకే మీ జ్ఞాపకంలో మీరు ఉండరు. మిమ్మల్ని ఇతరులే చూసి ఉండాలి."

"అంటే నన్నెవ్వరు చూడలేదా?"

నీలవేణి ఏదో చెప్పబోయి ఆగింది. ఎవరి తంతువుల్లో ఏముందో బయటపెట్టడం చట్టరీత్యా నేరం.

"సరే. ఆమె వెలుగు కొంచెం తగ్గియ్యి."

"ఒకరి రూపాన్ని ఇంకొకరు తగ్గించలేరు పెద్దమ్మా. ఎవరి జ్ఞాపకం వాళ్లు వెనక్కి తీసుకునే హక్కు మాత్రం ఉంది."

రజిత ఒక్క క్షణం ఆలోచించింది. అందరికంటే పాత మనిషి తను. అందరికంటే ఎక్కువ గుర్తున్నది తనకే. దూలం లాగేస్తే ఇల్లు నిలుస్తుందా?

"నాది తీసెయ్యి. నేను లేకుంట మీ ఆట ఎట్ల నడుస్తదో చూస్త."

యంత్రం మెత్తటి గొంతుతో అడిగింది. "రజిత గారూ, ఆ రోజును మీరు చూసిన తీరు ఈ ప్రదర్శన నుంచి తొలగిపోతుంది. సమ్మతమేనా?"

"సమ్మతమే."

ఆ సాయంత్రమే పండుగ. హాలు కిక్కిరిసింది. రజిత, ప్రసన్న ముందు వరుసలో పక్కపక్కనే కూర్చున్నారు. పెద్దవాళ్లు కదా అని కుర్చీలు అక్కడే వేశారు. దీపాలు తగ్గాయి. మట్టి రోడ్డు లేచింది. డ్రమ్ములు, బిందెలు, ఆఫీసరు బట్టతల, అన్నీ వచ్చాయి. రజిత అనుకున్నట్టు ఏదీ కూలిపోలేదు.

కాని నల్లా దగ్గర ప్రసన్న లేదు. అక్కడ కూడా మొహం లేని మసక ఆకారమే నిలబడి ఉంది. ఎవరిదో తెలియని చెయ్యి నల్లా తిప్పింది. నీళ్లు దూకాయి. హాలంతా చప్పట్లు. "అగో, మా నాయన! నీళ్లను ఎట్ల చూస్తున్నడో చూడు" అని ఎవరో అరిచారు. నిజమే, ఆ రోజు అందరూ నీళ్లనే చూశారు. ఆ ఇద్దరు ఆడవాళ్లు లేని లోటు ఎవరికీ తెలియలేదు.

చప్పట్ల మధ్య ప్రసన్న మెల్లగా రజిత వైపు తిరిగింది.

"రజితక్కా, నీది తీసేయించినవా?"

రజిత నల్లా దగ్గరి మసక ఆకారం వైపే చూస్తూ తల ఊపింది.

"అయితే నన్ను గంత కండ్లనిండ చూసింది నువ్వేనా? నా గాజులు, నా పన్ను... మా ఆయన సుత ఆడనే ఉండె గదక్కా. ఆయన చూడలేదు." ప్రసన్న కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "నేను సుత నాది తీసేయించిన. మొదటిసారి వేసిన రోజే."

"నువ్వెందుకు?"

"ఆ మొదటి ఆట నువ్వు చూడలేదు గని, అండ్ల నువ్వు సూర్యునిలెక్క ఉన్నవక్కా. కొప్పు ఊడిపోయి, కాయ పట్టుకొని ఉరికొస్తున్నవు. నల్లా తిప్పింది నేను. ఇన్నేండ్లు అందరు దాన్ని 'రజితక్క నల్లా' అనే పిలిస్తిరి. పేరంత నీకే పాయె. ఇప్పుడు వెలుగు సుత నీకే ఎక్కువ పడ్డట్టనిపించి కడుపు మండింది."

ఆ పేరును రజిత ఏనాడూ లెక్కలో వేసుకోలేదు. అందరూ అలా పిలుస్తుంటే అది మామూలేననుకుంది. ఎదురింట్లో ఒక మనిషి అది విన్నప్పుడల్లా పళ్లు కొరుక్కుంటుందని ఆమెకు తట్టనే లేదు.

"మళ్లీ ఇచ్చేద్దామా?" అంది రజిత చివరికి.

"ముందు నువ్వియ్యి."

"నేనిస్తే వెలిగేది నువ్వు. ముందు నువ్వే ఇయ్యి."

అలా కాసేపు బెట్టు చేసుకున్నాక, మర్నాడు ఇద్దరూ ఒకేసారి పట్టీలు కట్టించుకునేలా ఒప్పందం కుదిరింది. నీలవేణి నవ్వు ఆపుకుంటూ ఇద్దరి నుదుళ్లకూ కట్టింది. ఖాళీ హాల్లో వాళ్ల ముగ్గురి కోసమే గతవీధి లేచింది.

నల్లా దగ్గర ప్రసన్న మెరిసింది. వాకిలి దాటి రజిత ఉరికొచ్చింది. ముప్పై ఏళ్ల ఆ మొహాన్ని ముసలి రజిత కన్నార్పకుండా చూసింది. ఏ అద్దమూ ఆమెకు అంత అందాన్ని చూపించలేదు.

"నేను నిజంగ గిట్ల ఉంటినా?"

"ఉన్నవు. అందుకే గద నాకు నిద్ర పట్టకపోయేది" అంది ప్రసన్న.

నీలవేణి గొంతు సవరించుకుంది. "ఒక మాట చెప్పనా? ప్రేమతో చూశారా, ఈర్ష్యతో చూశారా అన్నది యంత్రానికి తెలియదు. ఎంతగా చూశారన్నదే దానికి తెలుసు. ఇన్ని కాలనీల్లో వేశాను గాని, ఇంత స్పష్టమైన రూపాలు ఎక్కడా రాలేదు." ఆమె యంత్రం మీది చిన్న తెర వంక చూసి ఆశ్చర్యపోయింది. "విచిత్రం! మీ ఇద్దరి కాంతి అచ్చంగా సమానం. వెంట్రుకవాసి తేడా కూడా లేదు."

ముసలివాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ ఒక్క గొంతుతో అన్నారు.

"ఇంకొక్కసారి కొలువు బిడ్డా."