డన్‌లో పెట్టిన పసుపు చీటీ

పరిచయమైన మొదటి గంటలోనే కౌముది నాతో పోట్లాడింది. ఎంసీఏ చివరి సంవత్సరం ప్రాజెక్టుకు మమ్మల్ని ఐదుగురిని కలిపి, నన్ను టీమ్ లీడర్‌ని చేశారు మా గైడ్ విజయశ్రీ మేడం. చూపులేని విద్యార్థులు నోటితో చెబుతుంటే పరీక్ష రాసిపెట్టేవాళ్లను స్క్రైబ్‌లంటారు. పరీక్షలొచ్చాయంటే వాళ్లను వెతుక్కోలేక మా క్యాంపస్‌లో ఎంతోమంది నానా అవస్థ పడతారు. ఆ వెతుకులాటను ఫోన్‌లోనే ముగించే యాప్ మా ప్రాజెక్టు.

ఏ పని ఎంత పెద్దదో తేల్చడానికి అందరం అంకెలున్న కార్డులు బోర్లా పెట్టి, ఒకేసారి తిప్పుతాం; అంకె ఎంత పెద్దదైతే పని అంత పెద్దది. ఆ రోజు నాది మూడు. ఆమెది పదమూడు.

“మూడా? ఆలోచించే చెప్తున్నావా, మేడం మెచ్చుకోవాలని చెప్తున్నావా?” అంది.

నాకు ఒళ్లు మండింది. రెండు వారాలయ్యాక చూస్తే పదమూడే నిజమైంది. అప్పటినుంచి కార్డు తిప్పే ఆమె వేళ్లను చూడటం నాకు అలవాటైపోయింది.

ఆ కట్టలో ఒక కార్డు మీద కౌముది పెన్నుతో చాయ్ కప్పు గీసింది. ఎవరైనా అది చూపిస్తే ఇక మాటల్లేవు, లేచి చాయ్‌కి వెళ్లాల్సిందే. ఆమె ఇల్లు తార్నాకలో, నా రూము అడిక్‌మెట్‌లో. క్యాంపస్‌కి ఇటు చివర ఒకటి, అటు చివర ఒకటి. అయినా రోజూ సాయంత్రం ఆమెతో తార్నాక చౌరస్తా దాకా నడిచి, అక్కడ చాయ్ తాగి, వచ్చిన దారినే తిరిగి వెళ్లేవాణ్ణి. అడిక్‌మెట్‌కి ఇటునుంచి షార్ట్‌కట్ ఉందా అని ఒకసారి అడిగింది. ఉందన్నాను. నవ్వి ఊరుకుంది.

ల్యాబ్ గోడ మీద పనికొకటి చొప్పున మూడు వరసల్లో పసుపు చీటీలు ఉండేవి: చేయాల్సినవి, చేస్తున్నవి, డన్, అంటే పూర్తయినవి. మాకు ఒక్కటే కట్టుబాటు. ఎవరి చీటీ వాళ్లే జరపాలి, అదీ యోహాను తన ఫోన్‌లో విని సరేనన్నాకే. యోహాను ఎంఏ హిస్టరీ విద్యార్థి. చూపు లేదు, ఫోన్ పైకి చదువుతుంటే విని వాడతాడు. మా యాప్‌ను మొదట వాడేది అతనే. యోహాను చెవి దాటందే ఏదీ డన్ కాదన్న మాట కౌముదిదే.

మేం రెండేసి వారాల విడతలుగా పని చేసేవాళ్లం. మూడో విడతలో ఆమె తీసుకున్న పని ఇది: ఒప్పుకున్న స్క్రైబ్ చివరి నిమిషంలో రాలేనంటే, వెంటనే ఇంకొకరికి కబురు వెళ్లాలి, ఆ సంగతి విద్యార్థికి ఫోన్ పైకి చెప్పాలి. పని సగంలో ఉండగా వాళ్లమ్మను ఆస్పత్రిలో చేర్చారు. కౌముది నాలుగు రోజులు రాలేదు. ఐదో రోజు మేడం రివ్యూ. పూర్తికాని పనులను మేడం పేరుపేరునా చదువుతారు. ఆ జాబితాలో కౌముది పేరు వినడం నాకు ఇష్టం లేకపోయింది. నా ల్యాప్‌టాప్‌లో ‘రాలేను’ అని రెండుసార్లు నొక్కి చూశాను. పనిచేసింది. అంతమాత్రాన పూర్తయినట్టు కాదని నాకు తెలుసు. అయినా ఆమె చీటీని తీసి డన్‌లో అంటించాను. వచ్చాక తనే పూర్తి చేస్తుందిలే అనుకున్నాను.

ఆమె వచ్చి గోడ చూసింది. మిగిలిన పని నేను చేసేశాననుకుంది.

ఆ సాయంత్రం చౌరస్తాలో చాయ్ కప్పు నా చేతికిచ్చి, “థాంక్స్ పరుశురాం. ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ నాకు ఇదే బెంగ,” అంది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. అప్పుడే చెప్పాల్సింది. చినుకులు మొదలయ్యాయి, ఆమె చున్నీ తల మీద కప్పుకుంది, నేను చాయ్ తాగేశాను.

తొమ్మిది రోజుల తర్వాత యోహానుకి ఇంటర్నల్ పరీక్ష. మా యాప్ ద్వారా ఒప్పుకున్న స్క్రైబ్‌కి పొద్దున్నే జ్వరం వచ్చింది. రాలేనని యాప్‌లో నొక్కాడు. కబురు ఎవరికీ వెళ్లలేదు. యోహాను ఫోన్ నోరెత్తలేదు. గంటన్నర సేపు చుట్టూ పెన్నుల చప్పుడు వింటూ, ఖాళీ కాగితం ముందు కూర్చుని లేచి వచ్చాడు.

మర్నాడు మేడం అందరినీ కూర్చోబెట్టారు. ఎవరు తప్పు చేశారో కాదు, పని ఎక్కడ తప్పిందో చెప్పమన్నారు. కౌముది లేచింది. ఆ చీటీ తనదని, ఎవరు పూర్తి చేసినా సరిచూసుకోవాల్సింది తనేనని, యోహాను పరీక్ష తన వల్లే పోయిందని చెప్పింది. నేను నోరు మూసుకుంటే చాలు, సాయంత్రం ఇద్దరం మళ్లీ తార్నాక దాకా నడవొచ్చు. ఆ ఆలోచన వచ్చిందని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

లేచి గోడ దగ్గరికి వెళ్లి చీటీ తీశాను.

“డన్‌ల పెట్టింది నేను మేడం. మిగిలిన పని నేను చెయ్యలే. యోహానుకు వినిపియ్యలే. కౌముదికి ఈ సంగతి తెల్వది.”

చీటీని చేస్తున్నవాటిలో అంటించాను. జిగురు పోయి అంచు లేస్తోంది. బొటనవేలితో అదిమి పట్టుకుని అలాగే నిలబడ్డాను.

కౌముది ఆ చీటీ వైపు చూసింది. తర్వాత మెల్లగా, “నేను థాంక్స్ చెప్తుంటే నువ్వు చాయ్ తాగావు,” అంది.

అంతకంటే పెద్ద మాట నన్ను ఎవరూ అనలేదు.

హాస్టల్‌కి వెళ్లి యోహానుకి అంతా చెప్పాను. అతను నా సారీ తీసుకోలేదు. “నీ సారీ నాకేం పనికొస్తది అన్నా? మేడం మాట్లాడి మళ్ల పరీక్ష పెట్టిపిస్తున్నరు. అప్పటికన్న నా ఫోన్ మాట్లాడాలె,” అన్నాడు.

మూడు వారాలు కౌముది నాతో చీటీల గురించి తప్ప మాట్లాడలేదు. ఆమె కోడ్ రాస్తే నేను తప్పులు వెతికాను. ‘రాలేను’ అని ఎన్ని రకాలుగా నొక్కవచ్చో అన్ని రకాలుగా నొక్కాను. సాయంత్రం ఆమె ఒక్కతే తార్నాక వైపు వెళ్తుంటే, నేను అడిక్‌మెట్ దారి పట్టేవాణ్ణి. నా రూము ఎంత దగ్గరో నాకు అప్పుడే తెలిసింది.

పరీక్షకు రెండు రోజుల ముందు యోహాను ల్యాబ్‌కి వచ్చాడు. నేను స్క్రైబ్‌నన్నట్టు కూర్చుని, రాలేనని నొక్కాను. యోహాను చేతిలోని ఫోన్ పైకి చెప్పింది, మీకు కొత్త స్క్రైబ్‌గా సింధూజ వస్తున్నారని. అతను ఇంకోసారి చేయించాడు. మూడోసారి కూడా విన్నాక సరేనన్నాడు. కౌముది తన చీటీని తనే డన్‌లోకి జరిపింది.

తర్వాతి పనికి కార్డులు బోర్లా పెట్టి తిప్పాం. అన్నీ అంకెలే, ఒక్కటి తప్ప. కౌముది ముందు చాయ్ కప్పు ఉంది. మిగతా ముగ్గురికీ ఒక్కసారిగా ఏవేవో పనులు గుర్తొచ్చాయి.

వానలో ఒకే గొడుగు కింద తార్నాక దాకా నడిచాం. చౌరస్తాలో చాయ్ వచ్చింది. నేను కప్పు ముట్టుకోలేదు.

“ముందు చెప్పేది చెప్త,” అన్నాను. “అడిక్‌మెట్‌కు ఇటు షార్ట్‌కట్ ఏం లేదు. నీతోని నడవాలని వస్తుంటి. నువ్వంటే నాకిష్టం. అందుకే నీ చీటీ జరిపిన. ఇష్టమున్నదని అట్ల చెయ్యొద్దుండె. ఇగ నీ దగ్గర దాచింది ఏం లేదు.”

ఆమె గొడుగు మడిచి పక్కన పెట్టింది.

“షార్ట్‌కట్ లేదని నాకు అప్పుడే తెలుసు,” అంది. “నాకూ నువ్వంటే ఇష్టమే. కానీ కోపం ఇంకా పోలేదు. అందుకని దీన్ని నువ్వొక్కడివే డన్‌లో పెట్టేయకు.”

పెట్టనన్నాను.

ఆమె నా కప్పును నా వైపు జరిపింది.

“చల్లారిపోతోంది. తాగు,” అంది.