ఎడారిలో మిగిలిన నీళ్లు

వెళ్లింది ఇద్దరు. తిరిగొచ్చింది ఒక్కడు.

1967 మే నెలాఖరులో హైదరాబాద్‌లోని తార్నాక నుంచి ఒకే జావా మోటార్ సైకిల్ మీద రాజస్థాన్ ఎడారికి బయల్దేరారు. బండి సుందరరావుది. ఎమ్మెస్సీ చదువుతున్నాడు. కెమిస్ట్రీ ప్రొఫెసర్ సోమయాజులు గారి ఒక్కగానొక్క కొడుకు. వెనక కూర్చున్నవాడు ఉప్పలయ్య. బీయస్సీ జియాలజీ. తండ్రి రాజలింగం లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్.

ఎడారి చూడాలన్న పిచ్చి ఇద్దరికీ సమానంగా ఉంది. కాలేజీలకు సెలవులు ఎండాకాలంలోనే కాబట్టి, ఎడారికి ఎవరూ వెళ్లని కాలంలోనే వెళ్లారు.

జైసల్మేర్ దాటాక, రోడ్డన్నదే లేని ఇసుకలో బండి ఆగిపోయింది. సుందరరావును ఒంటెల వాళ్లు కాపాడారు. ఉప్పలయ్య దొరకలేదు. అక్కడి పోలీసులు వారం రోజులు వెతికి, 'ఆచూకీ లేదు' అని ఫైలు కట్టేశారు.

జూన్ చివర్లో ఆ ఫైలు కాపీ తార్నాక పోలీసు స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ వెంకటనర్సయ్య టేబుల్ మీదికి వచ్చింది. దాని వెనకే ఉప్పలయ్య తల్లి లచ్చవ్వ వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. గోడకు ఆనుకుని కింద కూర్చుంది.

"సారు, నా కొడుకు ఉన్నడా, పోయిండా? గా ఒక్క ముచ్చట తెల్సుకొని చెప్పు."

వెంకటనర్సయ్య ఫైలు తెరిచాడు. వాన జాడ లేదు, ఫ్యాను తిరగడం లేదు, ఒళ్లంతా చిరాకుగా ఉంది.

"దినం చేద్దామంటే పానం ఒప్పతలేదు. చెయ్యకపోతే, పోయినోడే అయితే, వాని గతేంది? రాత్రి పూట తలుపుకు గొళ్లెం పెడ్తలేను సారు. వాడు ఎప్పుడొచ్చినా లేటుగనే వస్తడు."

ఇంకో మాట కూడా చెప్పింది. బండి చెడగొట్టింది ఉప్పలయ్యేనని యూనివర్సిటీలో అందరూ అంటున్నారట. అది విన్నప్పటి నుంచి రాజలింగం అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడట.

ఎడారిలో మాయమైన మనిషిని తార్నాకలో కూర్చుని ఎలా వెతకాలో వెంకటనర్సయ్యకు తెలియదు. కుదరదని చెప్పి పంపించేయవచ్చు. ఆమె ముఖం చూసి ఆ మాట అనలేకపోయాడు.

* * *

ప్రొఫెసర్ గారి ఇల్లు తార్నాకలో, యూనివర్సిటీ రోడ్డు పక్కనే. పెద్ద వరండా. షెడ్డులో జావా నిలబడి ఉంది. గూడ్సులో వచ్చిన బండిని వచ్చినట్టే పెట్టేశారు. చక్రాల మధ్య ఇంకా ఇసుక ఉంది.

సుందరరావు ముఖం మీద చర్మం పొరలుగా లేచిపోయి ఉంది. బాగా చిక్కిపోయాడు. ఇన్‌స్పెక్టర్ కళ్లలోకి చూడకుండా, అడిగినదానికే జవాబు చెప్పాడు.

"ఇంజన్ ఎందుకు ఆగింది?"

"సీజ్ అయింది సార్. పెట్రోల్‌లో ఆయిల్ కలపలేదు."

జావాకు పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోయాలి. లేకపోతే వేడికి పిస్టన్ పట్టేస్తుంది. ఆ సంగతి వెంకటనర్సయ్యకూ తెలుసు.

"కలపాల్సింది ఎవరు?"

"ఉప్పలయ్య. జైసల్మేర్‌లో కొన్న టిన్ను ముందు రోజు రాత్రి వాడే పోశాడు. మర్చిపోయాడు."

"బండి ఆగింది ఎప్పుడు?"

"పొద్దున పది గంటలకు. ఆ రోజంతా రిపేరు చేశాం. మర్నాడు మధ్యాహ్నం వాడు నీళ్ల కోసం వెళ్లాడు. వాడి సంచిలో అడుగున కొన్ని నీళ్లుంటే అది భుజాన వేసుకుని పడమర వైపు నడిచాడు. అంతే. మళ్లీ కనిపించలేదు."

"మీ దగ్గర నీళ్లు?"

"ఒక మిలిటరీ బాటిల్ సార్."

"ఒంటెల వాళ్లు ఎప్పుడు వచ్చారు?"

"వాడు వెళ్లాక రెండు రోజులకు, సాయంత్రం."

"అంతవరకూ ఆ ఒక్క బాటిలేనా?"

సుందరరావు తల ఊపాడు. వాడి తల్లి శ్యామలాంబ కళ్లు ఒత్తుకుంది. దేవుడే బతికించాడు ఇన్‌స్పెక్టర్ గారూ అని, ఎండన పడి వచ్చారు మంచినీళ్లు తీసుకోండి అని, వరండా స్తంభానికి వేలాడుతున్న కాన్వాస్ సంచి బిరడా లాగి స్టీలు గ్లాసు నింపి ఇచ్చింది. నీళ్లు చల్లగా, హాయిగా ఉన్నాయి. వెంకటనర్సయ్య రెండో గ్లాసు కూడా అడిగి తాగాడు.

ప్రొఫెసర్ గారు గుమ్మంలో నిలబడి, మా వాడు మంచి స్నేహితుణ్ని పోగొట్టుకున్నాడు, వాణ్ని ఇంకా వేధించకండి అన్నారు. ఆయన మాటలో మర్యాద ఉంది. కొంచెం అధికారం కూడా ఉంది.

* * *

హాస్టల్లో ఉప్పలయ్య మంచం పక్క మంచం భీమయ్యది. వాడూ జియాలజీయే. ఉప్పలయ్య గురించి అడిగితే కాసేపు రాళ్ల గురించే చెప్పాడు. క్యాంపస్‌లో ఏ బండరాయి చూపించినా దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవాడట. హాస్టల్ వెనక గుట్టల మీద బండి ఎక్కించి దింపి ఇద్దరూ నెల రోజులు ప్రాక్టీసు చేశారట.

"ప్రొఫెసర్ కొడుకుతో దోస్తీ ఎట్ల కుదిరింది?" అని అడిగాడు వెంకటనర్సయ్య.

"బంకుల కుదిరింది సార్. ఉప్పలయ్య రెండేండ్ల సంది సాయంత్రాలు తార్నాక పెట్రోల్ బంకుల పన్జేస్తుండె. మెస్ బిల్లు గట్లనే కట్టుకుంటుండె."

వెంకటనర్సయ్య సిగరెట్ వెలిగించబోయి ఆగాడు. అక్కణ్నించి తిన్నగా బంకుకు వెళ్లాడు.

పావుగంట నిలబడి చూశాడు. ఒక జావా వచ్చింది. నడిపేవాడు సీటు దిగలేదు. టాంకు మూత తీసి, రెండు లీటర్లన్నట్టు రెండు వేళ్లు చూపించాడు. బంకు మనిషి ముందు కొలత డబ్బాతో ఆయిల్ తీసి, పెట్రోల్‌లో గిలకొట్టి, గరాటు పెట్టి పోశాడు. నడిపేవాడు అంతసేపూ రోడ్డు వైపు చూస్తున్నాడు. కిక్కు కొట్టి వెళ్లిపోయాడు.

హైదరాబాద్‌లో జావాలు తోలేవాళ్లంతా ఇంతే. ఆయిల్ కలపడం బంకువాడి పని. బండివాడికి ఆ ఆలోచనే రాదు.

సుందరరావు బండికి ఎప్పుడూ ఉప్పలయ్యే పోసేవాడని బంకు మేనేజరు చెప్పాడు. దారిలో కూడా ఆ పని ఉప్పలయ్యే చూసుకుంటాడని, అందుకే వాణ్ని వెంట తీసుకెళ్తున్నానని సుందరరావు నవ్వుతూ అన్నాడట.

రెండేళ్ల పాటు రోజూ ఆయిల్ కలిపిన చేయి. అది ఒక్క రాత్రి మర్చిపోతుందా?

వెంకటనర్సయ్య నమ్మలేదు. కానీ నమ్మకపోవడం వేరు, రుజువు వేరు. అదీకాక లచ్చవ్వ అడిగింది ఆయిల్ సంగతి కాదు. ఉన్నాడా, పోయాడా అని అడిగింది.

* * *

లాలాగూడ రైల్వే క్వార్టర్లలో రాజలింగం ఇల్లు ఒకటే గది. ఉప్పలయ్య ఒంటి మీద, చేతిలో ఏమేం ఉన్నాయో చెప్పమన్నాడు వెంకటనర్సయ్య. ఎక్కడైనా శవం దొరికితే పోల్చుకోవడానికి. ఆ మాట మాత్రం పైకి అనలేదు.

ఖాకీ ప్యాంటు. నల్ల బూట్లు. నీళ్ల సంచి.

"గా సంచి నేనే కుట్టిన సారు," అన్నాడు రాజలింగం. "వ్యాగన్ మీద కప్పే కాన్వాస్ తార్పాలిన్ ముక్క. బిరడ గూడ నేనే లేత్ మీద తీసిన, టేకుది. బిరడ పోకుంట ఈమె తన చీరె అంచు చింపి కట్టింది. ఎర్రంచు."

"మంచి సంచేనా?"

"నీళ్లు మస్తు చల్లగైతయి. గని సంచంత చెమ్మ ఊరుతది సారు. నింపుకున్నయి పొద్దుగూకేవరకు సగమైతయి. మాటిమాటికి నింపుకోవాలె బిడ్డా అని చెప్పిన."

లచ్చవ్వ టీ గ్లాసు అందించింది. వెంకటనర్సయ్య దాన్ని పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

శ్యామలాంబ బిరడా లాగినప్పుడు ఆమె వేళ్ల మధ్య వేలాడిన గుడ్డ పీలిక రంగు అతనికి గుర్తొచ్చింది. ఎరుపు.

ఎదురుగా ఉన్న దాన్ని చూడలేదు. పైగా అందులోంచి రెండు గ్లాసులు తాగాడు. ఇరవయ్యేళ్ల సర్వీసులో తన మీద తనకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

టీ తాగకుండానే లేచాడు. రేపు సాయంత్రం ఐదింటికి తార్నాక రమ్మని ఇద్దరికీ చెప్పాడు.

* * *

వరండాలో అందరూ ఉన్నారు. ప్రొఫెసర్ గారు పడక కుర్చీలో. శ్యామలాంబ గుమ్మం దగ్గర. సుందరరావు మెట్టు మీద. రాజలింగం దంపతులు గేటు లోపల నిలబడ్డారు. ఎంత చెప్పినా పైకి రాలేదు.

వెంకటనర్సయ్య స్తంభం దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, ఈ సంచి ఎక్కడిది?"

"మా వాడి సామానులో వచ్చింది," అంది శ్యామలాంబ. "బండితో పాటు మూటలో ఉంది. నీళ్లు చల్లగా ఉంటాయని నేనే ఉతికి తగిలించాను. ఏం?"

లచ్చవ్వ నాలుగు అడుగులు ముందుకు వచ్చి బిరడాకు ఉన్న గుడ్డను చేత్తో పట్టుకుంది. చూసి వదిలేసింది.

"సుందరరావ్," అన్నాడు వెంకటనర్సయ్య. "ఉప్పలయ్య ఈ సంచి భుజాన వేసుకుని పోయాడన్నావ్. మళ్లీ కనిపించలేదన్నావ్. కనిపించని మనిషి భుజం మీది సంచి మీ వరండాలోకి ఎట్ల వచ్చింది?"

సుందరరావు మెట్టు మీంచి లేవబోయి మళ్లీ కూలబడ్డాడు.

"ఒక్క బాటిల్‌తో ఆ ఎండలో అన్ని పూటలు ఎవరూ బతకరు. నువ్వు వాణ్ని చూశావ్. సంచి తీసుకున్నావ్. మీ అమ్మ దాన్ని ఇక్కడ తగిలిస్తే, తియ్యమని కూడా చెప్పలేకపోయావ్. చెబితే ఎందుకని అడుగుతుంది."

"ఇన్‌స్పెక్టర్!" అంటూ ప్రొఫెసర్ గారు లేచారు. కొడుకు ముఖం చూసి మళ్లీ కూర్చున్నారు.

"పెట్రోల్ పోసింది ఎవరు?"

"నేనే సార్," అన్నాడు సుందరరావు. "వాడికి ఆ రాత్రి జ్వరం. పడుకున్నాడు. తెల్లవారి తొందరగా బయల్దేరాలని నేనే టిన్ను తెచ్చి పోశాను. ఆయిల్ సంగతి తోచలేదు. ఎప్పుడూ వాడే కదా చూసేది."

"బండి ఆగాక వాడు అడగలేదా?"

"అడిగాడు. ఆయిల్ పోసినవా అన్నాడు." షెడ్డు వైపు చూశాడు. "పోశానన్నాను."

వరండాలో అందరికీ అర్థమయ్యేలా వెంకటనర్సయ్య నెమ్మదిగా చెప్పాడు. ఆయిల్ లేదని తెలిసి ఉంటే ఇంజన్ పోయిందని ఉప్పలయ్యకు ఆ క్షణమే తెలిసేది. చల్లబడ్డాక రాత్రికి రాత్రే, సంచి నిండా నీళ్లతో, ఇద్దరూ వెనక్కి నడిచేవాళ్లు. స్నేహితుడి మాట నమ్మాడు కాబట్టి తప్పు ఇంకెక్కడో ఉందనుకున్నాడు. ప్లగ్గు విప్పాడు, కార్బురేటర్ కడిగాడు. ఒక పగలు, ఒక రాత్రి, ఇంకో పూట అలా పోయాయి. నీళ్లూ అలాగే పోయాయి.

"ఫిట్టర్ కొడుకు ముందు పొరపాటు ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డావ్. అంతే కదా?"

సుందరరావు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"ఎక్కడ చూశావ్?"

"మర్నాడు తెల్లవారుజామున అడుగులు పట్టుకుని వెళ్లాను. తూర్పు వైపు. ఒక జమ్మిచెట్టు కింద ఉన్నాడు. ప్రాణం లేదు. వడదెబ్బ. నేను... నేను ఆ నీళ్లు తాగాను సార్. శవం మీది నీళ్లు తాగి బతికానని ఎలా చెప్పను? అందుకే పోలీసులకు పడమర అని చెప్పాను."

నెల రోజులుగా అక్కడ ఇసుక గాలులు వీస్తున్నాయి. ఇప్పుడు తూర్పున వెతికినా ఏమీ దొరకదు. వెంకటనర్సయ్యకు ఆ సంగతి తెలుసు. టెలిగ్రాం ఇస్తాడు. ఇచ్చినా ఉపయోగం లేదు. పోలీసులకు తప్పుదారి చూపినందుకు కేసు పెట్టవచ్చు. పోశాను అన్న ఒక్క మాటకు మాత్రం ఏ సెక్షనూ లేదు.

అప్పటిదాకా నేల చూస్తున్న రాజలింగం తలెత్తాడు.

"సంచిల నీళ్లెన్ని ఉండె?"

"సగానికి పైనే ఉన్నాయి," అన్నాడు సుందరరావు.

"అడుగున కొన్ని నీళ్లతోని పోయిండంటివి. గది ఊరుతది. రాత్రంత అట్లనే ఉంటె తెల్లారేవరకు చుక్క మిగులొద్దు. సగానికి పైన ఎట్లుంటయి?"

ఇది వెంకటనర్సయ్యకూ తట్టలేదు. సుందరరావు వైపు తిరిగాడు.

"పడి ఉన్నప్పుడు తల ఎటువైపు ఉంది?"

సుందరరావు తల ఎత్తకుండానే చెప్పాడు. "బండి వైపు."

ఇక ఎవరూ ఎవరికీ వివరించనక్కర్లేదు. ఎక్కడో బావి దొరికింది. ఉప్పలయ్య బతికినట్టే. ఆ బావి దగ్గరే కూర్చుంటే బతికేవాడే. సంచి నింపుకుని, వడదెబ్బ తిన్న జ్వరం ఒంటితో, రాత్రంతా వెనక్కి నడిచాడు.

లచ్చవ్వ ఏడవలేదు. మెట్టు దగ్గరికి వచ్చి సుందరరావు ముందు నిలబడింది.

"నీ కోసమే తెచ్చిండు బిడ్డా. నువ్వే తాగినవు. ఇంక నేను అడిగేదేమున్నది."

సంచిని స్తంభం మీది నుంచి దించింది. బిరడా తీసి, శ్యామలాంబ పొద్దున నింపిన నీళ్లన్నీ ఆ వాకిట్లోనే నేల మీద పోసింది. చివరి చుక్క పడేదాకా వంచి పట్టుకుంది. శ్యామలాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

గేటు దాకా వెంకటనర్సయ్య వాళ్ల వెంట నడిచాడు. ఏదో ఒకటి చెప్పాలనిపించింది. నీ కొడుకు ఆయిల్ మర్చిపోలేదు అని మాత్రం రాజలింగంతో అన్నాడు. రాజలింగం తల ఊపాడు. ఆ మాటతో ఆయనకిప్పుడు ఏ పనీ లేదు.

లచ్చవ్వ ఖాళీ సంచిని మడిచి చంకలో పెట్టుకుంది.

"ఒక్క ముచ్చట అడిగిన, తెల్సుకొని చెప్పినవు సారు," అంది. "ఇయ్యాల్టి సంది గొళ్లెం పెట్టుకుంట."