ఆనకట్ట ఇంట్లో మూడు దెబ్బలు

మా హార్ల్‌ఫర్డ్‌లో ఏటి ఒడ్డున ఉన్న ఆనకట్ట ఇంటికి రెండొందల ఏళ్లుగా చెడ్డపేరుంది. ఎప్పుడో ఒక పిండిమర యజమాని పెళ్లాన్ని ఏట్లోకి తోశాడట. ఆవిడ చీకటి పడగానే వచ్చి గోడ తడుతుందట. మూడు దెబ్బలు... కాస్త ఆగి, మళ్లీ మూడు.

దగ్గరగా జరగండి. ప్రభువు సాక్షిగా, జరిగింది జరిగినట్టే చెబుతాను.

ఆ ఇంటిని అమ్మకానికి పెట్టింది క్లైవ్ థోర్లీ. వాళ్లమ్మ ఎనిడ్‌కి ఎనభై ఆరేళ్లు. ముందు చూడ్డానికొచ్చిన ఇద్దరికీ ఆవిడే గుమ్మంలో నిలబడి, "ఏరు పొంగితే ఆరో మెట్టుదాకా నీళ్లే. కొనకండి నాయనా" అని చెప్పేసింది. వాళ్లు మళ్లీ ఇటు తొంగిచూస్తే ఒట్టు!

తర్వాత ఆవిడ చర్చిలో కనపడలేదు. అడిగితే, "సముద్రం దగ్గర వృద్ధాశ్రమంలో పెట్టాను. అక్కడి గాలి మంచిది" అన్నాడు క్లైవ్.

నవంబరులో ఒక గురువారం అతనే మా ఇంటికొచ్చాడు. "లండన్ నుంచి ప్రూయెట్ దంపతులు ఇల్లు చూడ్డానికొస్తున్నారు, బెర్ట్రమ్ గారూ. ఆ దెయ్యం కథ మీరు చెబితేనే అందం. వస్తారా?"

మా ఊళ్లో పాత ఇంటికి దెయ్యం లేకపోతేనే లోటు. పైగా వినేవాళ్లుంటే నేను ఆగేవాణ్ణా? వెళ్లాను.

సాయంత్రం నాలుగింటికే చీకటి. ఆనకట్ట హోరులో పక్కమనిషి మాటే సరిగా వినపడదు. మేడమీద పెద్ద బీరువా పక్కన నిలబడి కథ చెబుతున్నాను... పెళ్లాన్ని తోసే చోటికి వచ్చాను—

టక్... టక్... టక్.

మిలిసెంట్ ప్రూయెట్ చప్పట్లు కొట్టింది. "హలో అమ్మా!" అంటూ తనూ గోడమీద మూడుసార్లు తట్టింది.

అంతే — లోపల్నుంచి వడగళ్లు పడ్డట్టు దెబ్బలు!

"అబ్బ, ఎంత కలుపుగోలు దెయ్యం!" అని మొగుడి వైపు తిరిగింది. "రోలండ్, మీ అమ్మకంటే నయం. దీనికి ధర వేరేనా?"

"ఇంటి ధరలోనే కలిపేశామండి" అన్నాడు క్లైవ్. నుదురు తుడుచుకుని, "ఇక కిందికి వెళ్దాం..."

నేను కదల్లేదు. ఆ ఆత్మ మీద జాలేసింది. గోడకి నోరు ఆనించి, చర్చిలో వాక్యం చదివే గొంతుతో గట్టిగా అన్నాను:

"అమ్మా, నీ కాలం తీరిపోయింది. బతికున్నవాళ్లని వదిలెయ్యి. ప్రభువు దగ్గరికి వెళ్లిపో."

దెబ్బలు ఆగాయి.

ఇంకొక్కటి... చాలా మెల్లగా. తర్వాత ఏమీ లేదు. నీళ్ల హోరు ఒక్కటే.

మిలిసెంట్ కళ్లు తడిశాయి. అక్కడికక్కడే బేరం కుదిరింది. ఆదివారం ప్రార్థనయ్యాక, టీ కప్పులు పట్టుకుని నిలబడ్డ అందరికీ ఈ సంగతే సాక్ష్యం చెప్పాను. ఒకావిడ ఏడ్చింది. నాకు సంతోషం వేసింది... ప్రభువు క్షమించాలి.

సోమవారం ప్రూయెట్ల తరఫున ఇల్లు కొలిచే మనిషి వచ్చాడు. మేడ బయటినుంచి ఒక కొలత, లోపలినుంచి ఇంకో కొలత. ఏడడుగులు తేడా! బీరువా జరిపించాడు. వెనక తలుపు... బయట గడియ.

లోపల కిటికీ లేని గది. మంచం. చేతిలో బూటు పట్టుకుని — ఎనిడ్.

ప్రాణం ఉంది.

"అమ్మకం అయ్యేదాకానే కదా" అన్నాడట క్లైవ్, పోలీసులతో. "రోజూ సూప్ పెట్టాను."

ఆస్పత్రికి పరుగెత్తాను. పిట్టంత అయిపోయింది మనిషి. గొంతు లేదు. పెదవుల దగ్గర చెవి పెట్టాను.

"నీ గొంతు పోల్చుకున్నాను, బెర్ట్రమ్... దేవుడే పంపాడనుకున్నా."

"మరి తట్టడం ఎందుకు ఆపారమ్మా?"

"నువ్వు పొమ్మన్నావుగా... అప్పట్నుంచీ సూప్ ముట్టలేదు." నా చేతిమీద చెయ్యి వేసింది. "ఇంకా ప్రాణం పోవడం లేదు, నాయనా... ఏమీ అనుకోకు."