మంత్రగత్తె కట్టిన రిబ్బను

"ఏ తల్లి కన్నదో గానీ, ఆ మంత్రగత్తె చేతులు పడిపోను!" అని అత్తగారు శాపనార్థాలు పెడుతుంటే, అప్పుడే పని నుంచి వచ్చిన కోడలు చెప్పులు విప్పడం కూడా మరిచి గుమ్మంలో నిలబడిపోయింది. అయ్యో... ఆ చేతులు తనవే!

అత్తగారు ఊపిరి తిప్పుకోకుండా జరిగినదంతా చెప్పుకొచ్చింది. బడివాళ్ళు ఇవాళ పిల్లల్ని ఆటల పార్కుకు తీసుకెళ్ళారట. అక్కడి నాటకంలో మంత్రగత్తె వేషం వేసిన మనిషి ఉన్నట్టుండి వేదిక మీంచి దూకి, మనవరాలు బుజ్జి క్లాసులోనే చదివే పక్కవీధి పిల్లను భుజాలు పట్టుకుని కుదిపేసిందట. ఆ పిల్ల భయంతో అందరి ముందూ బట్టలు తడుపుకుందట. ఇంటికొచ్చాక కూడా ఎవరు ముట్టుకున్నా ఉలిక్కిపడుతోందట.

"నువ్వు టిక్కెట్లిచ్చేది ఆ పార్కులోనేగా అమ్మాయ్. ఎవరది, నీకు తెలియకపోదుగా?"

"తెలియదత్తయ్యా" అంది కోడలు. అన్నాక తల కొట్టేసినట్టయింది. మంచం మీద కూర్చున్న బుజ్జి వైపు చూడటానికి ముఖం చెల్లలేదు.

రెండేళ్ళ కిందట భర్త పోయాక దొరికిన మొదటి పని ఇది. నల్ల గౌను, జానెడు రబ్బరు ముక్కు, మోచేతుల దాకా ఆకుపచ్చ రంగు! రోజూ మూడు ఆటలు. ఆమె అడుగు పెట్టగానే పిల్లలంతా ఛీ కొట్టాలి, చివరికి చచ్చిపోతే చప్పట్లు కొట్టాలి. పిల్లల ఎదుట ముక్కు తీయకూడదు, సొంత గొంతుతో మాట్లాడకూడదు. ఇంట్లో మాత్రం టిక్కెట్లు అమ్ముతానని చెప్పింది. అత్తగారు తట్టుకోలేదని తనకు తాను సర్దిచెప్పుకుంది గానీ, నిజానికి తట్టుకోలేనిది తనే. అమ్మ అలా కోతిగంతులు వేస్తుందని బుజ్జికి తెలిస్తే ఇంకేమైనా ఉందా!

ఇవాళ బుజ్జి బడివాళ్ళు వస్తారని ఆమెకు తెలియదు. ఉన్నట్టుండి రెండో వరుసలో కూతురి తల కనిపించింది. ఆ వెనకే ముగ్గురు ఆడపిల్లలు బుజ్జి జడ లాగి, రిబ్బను ఊడదీసి, ఒకరి మీదికొకరు విసురుకుంటూ నవ్వుతున్నారు. బుజ్జి ఏడవడం లేదు. ఒళ్ళో చేతులు ముడుచుకుని నేల చూస్తోంది. అలవాటైన పిల్ల చూసినట్టు చూస్తోంది! అంతే, తల్లికి ఒళ్ళు తెలియలేదు. దూకింది. రిబ్బను పట్టుకున్న పిల్లను పట్టి కుదిపింది. ఆట అనుకుని అందరూ నవ్వారు... ఆ పిల్ల కేక పెట్టేదాకా. ఎనిమిదేళ్ళ పసిది! తన మీద తనకే అసహ్యం వేసింది. రిబ్బను తీసుకుని, బుజ్జి జడకు గబగబా కట్టి తెరవెనక్కి పరుగెత్తింది. బుజ్జి తలెత్తలేదు. గుర్తుపట్టలేదులే అనుకుని ఊపిరి పీల్చుకుంది. మేనేజరు నాలుగు చీవాట్లు పెట్టి, వేషంలో ఎవరున్నారో బడివాళ్ళకు తెలియదు కనుక నోరు మెదపవద్దన్నాడు.

"రేపు నేనే వచ్చి దాని సంగతి తేలుస్తా" అంటూ అత్తగారు దువ్వెన తీసుకుని మనవరాలి జడ విప్పబోయింది.

బుజ్జి రెండు చేతులతో రిబ్బను కప్పుకుంది. "విప్పకు నానమ్మా. ఆవిడ మంచిదే."

"మంచిదేమిటే, పిల్లల్ని కొట్టే మనిషి!"

అత్తగారు బుజ్జి చేతులు పక్కకు తీసి చూసింది. రెండు ముళ్ళు వేసి, కొస లోపలికి దోపిన కట్టు. రోజూ పొద్దున కోడలు కట్టే కట్టు. రిబ్బను మీద ఆకుపచ్చ మరకలు. ఆవిడ చూపు మెల్లగా కోడలి గోళ్ళ మీదికి వెళ్ళింది. ఎంత తోమినా ఆ మూలల్లో రంగు మిగిలే ఉంటుంది. దువ్వెన ఆవిడ చేతిలోంచి జారిపోయింది.

"అమ్మా, నాకెప్పుడో తెలుసు" అంది బుజ్జి. "నీ గోళ్ళ రంగు చూసి ఆ ముగ్గురూ నన్ను మంత్రగత్తె కూతురా అని పిలుస్తారు. కాదు, మా అమ్మ టిక్కెట్లమ్ముతుంది అని చెప్తాను. నువ్వలాగే చెప్పావుగా. అందుకే పార్కుకెళ్తున్నామని నీకు చెప్పలేదు."

కోడలు బుజ్జిని దగ్గరికి లాక్కుంది. తన అబద్ధాన్ని ఇన్నాళ్ళూ ఆ చిన్న ప్రాణం మోసిందా... తన పరువు కోసం రోజూ జడ లాగించుకుందా! అత్తగారు కొబ్బరినూనె గిన్నె తెచ్చి, కోడలి చేయి లాక్కుని గోళ్ళు రుద్దసాగింది. రుద్దుతూనే అంది, "ముందు ఆ పిల్ల దగ్గరికి వెళ్ళు. నాకు తర్వాత చెబుదువుగాని."

పొద్దుగూకక ముందే కోడలు బుజ్జిని వెంటబెట్టుకుని పక్కవీధిలో ఆ పిల్ల ఇంటి తలుపు తట్టింది. సంచిలోంచి రబ్బరు ముక్కు తీసి, "అది నేనేనమ్మా. నాదే తప్పు. పసిదాని మీద చేయి వేశాను" అని తల వంచుకుంది. ఆ పిల్ల తల్లి లోపలికి రమ్మనలేదు. రేపే వెళ్ళి మేనేజరుతో చెబుతానంది. చెప్పండమ్మా, అది నేనేనని బడివాళ్ళకు నేనూ చెబుతానంది కోడలు. ఉద్యోగం పోయినట్టే. తల్లి కుచ్చెళ్ళ వెనక దాక్కున్న పిల్ల ఆ ముక్కును చూసి మళ్ళీ వణికింది. చెంపలు వాయించుకోవాలనిపించింది ఆమెకు.

అప్పుడు బుజ్జి ఆ ముక్కును అందుకుని తన ముఖానికి పెట్టుకుంది. అది గడ్డం దాకా జారింది.

"చూడు, ఉత్త రబ్బరే. ఇది పెట్టుకునేది మా అమ్మ" అంది.