లేడి చెవుల అదురు

మే నెల మిట్టమధ్యాహ్నం. ఎండ మాడు పగలగొడుతోంది. అయినా ధర్మవరం వీధుల్లో ఎవరో ఒకరు చంకన దుప్పటితో పరుగెత్తుతూనే ఉన్నారు. అదెవరికీ వింతగా తోచదు. ఊళ్లో ప్రతి చేతికీ కంపకడియం వచ్చి ఇరవై ఏళ్లయింది మరి! ఒంట్లో వణుకు పుట్టిందంటే చాలు, ఆ కడియం అయినవాళ్లను పిలుస్తుంది. వాళ్లు దుప్పటీ, వేడి కషాయమూ పట్టుకుని రావలసిందే. చలిజ్వరంతో ఒంటరిగా పడి ఉన్నవాళ్ల ప్రాణాలు ఎన్నో దానివల్ల నిలిచాయి, కాదనలేం.

అయితే ఒక్కరోజులో మూడు వణుకులు నమోదైతే ఆ చేతికి పని అనుమతి రద్దవుతుంది. తోలుబొమ్మలాడించే హనుమక్కకు ఆ ఉదయం సాధనలోనే ముప్పై ఒకటి నమోదయ్యాయి.

ఇలాంటి పేచీలు తేల్చే ఉద్యోగిని కంపనిర్ణేత అంటారు. ఊరి కంపనిర్ణేత ఓబులేశ్వరి హనుమక్క ఇంటికి చేరేసరికి రెండయింది. ఆట ఆరు గంటలకు. ఈలోగా అనుమతి రాకపోతే ఆటశాల తలుపే తెరుచుకోదు.

"రా తల్లీ! నా చేతులు కట్టేసేకి వచ్చినావా?" అంది హనుమక్క.

"కట్టేసేకి కాదక్కా, చూసేకి వచ్చినా. ఒంట్లో బాగుందా?"

"నాకేం, గుండ్రాయి లెక్క ఉన్నా. ఇరవై రెండేండ్ల తర్వాత మళ్లీ ఆటకు పిలిచినారు నన్ను. ఈ పొద్దు ఆడకపోతే ఇంక ఈ జన్మకు పిలవరు." అంతవరకూ దబాయించిన గొంతు అక్కడ సన్నబడింది.

ఓబులేశ్వరి మనసు చివుక్కుమంది. "పొద్దున ఏం ఆడించినావో అదే చూపించక్కా" అంది.

హనుమక్క తల్లిలేడి బొమ్మను తెర మీదికి తెచ్చింది. వేటగాడి అడుగుల చప్పుడు నోటితోనే చేస్తూ, నడిమి కర్రను పిడికిట బిగించి కుదిపింది. లేడి తలనుంచి గిట్టలదాకా గజగజలాడింది. కడియం 'షివర్' అని చూపించింది. తర్వాత, చచ్చిపోయిందనుకున్న పిల్ల పొదలోంచి బయటికొచ్చే ఘట్టం. కర్ర కదల్లేదు. హనుమక్క చిటికెనవేలి కొస మాత్రం దారాన్ని తాకింది. లేడి చెవుల చివర్లు సన్నగా అదిరాయి. ఓబులేశ్వరి తనకు తెలియకుండానే తెర వైపు వంగింది. కడియం మళ్లీ 'షివర్' అనే చూపించింది.

"ఓసి దీని తెలివి తెల్లారా!" అంది ఓబులేశ్వరి.

ఆమెకు విషయం తెలిసిపోయింది. కడియం చేసినవాళ్లు దాని నిఘంటువును ఇంగ్లీషులో రాశారు. వణుకులన్నిటికీ షివర్ ఒక్కటే చాలనుకున్నారు. అదే భాషలో దాని పక్కనే క్వివర్ అని ఇంకో మాట ఉంది. షివర్ సాధారణంగా బయటినుంచి వచ్చి మీద పడేది. చలో, భయమో తాకితే ఒళ్లంతా వణికి ముడుచుకుపోతుంది. క్వివర్ సన్నది, చురుకైనది. లోపల నిండినదేదో కొసలకు చేరినప్పటి అదురు అది. ఏడుపు ఆపుకునే పెదవిలో, పాట ఎత్తుకోబోయే గొంతులో కనబడేది అదే.

ఓబులేశ్వరి తన అధికారంతో కడియాల వ్యవస్థలో క్వివర్ అనే కొత్త పద్దు తెరిచింది. దానికి పని అనుమతి రద్దు వర్తించదని రాసింది. లేడి చెవుల అదురు అందులోకి మారింది. భయపు వణుకు కర్రదే గానీ చేతిది కాదని కొట్టేసింది. చివర్లో 'చేయవలసిన సాయం' అనే గడి వచ్చింది. సంతోషానికి సాయమేమిటి, నా మొహం, అనుకుని దాన్ని ఖాళీగా వదిలేసింది. హనుమక్క అనుమతి తిరిగొచ్చింది.

ఆరింటికి ఆటశాలలో నాలుగు వందల కుర్చీలకు నలభై మంది కూర్చున్నారు. హనుమక్క తెర వెనకనుంచి ఒకసారి చూసి ఆట మొదలెట్టింది. గంట గడిచాక పిల్లలేడి పొదలోంచి తల బయటపెట్టింది. తల్లి చెవులు అదిరాయి. నలభై జతల పెదవులు అదిరాయి. ఓబులేశ్వరి చెంపల మీద నీళ్లు కారాయి, తుడుచుకోవాలని కూడా ఆమెకు తోచలేదు.

కాసేపటికి తలుపులు దడాలున తెరుచుకున్నాయి. అందరికంటే ముందు ఓబులేశ్వరి భర్త తిప్పన్న, రొప్పుతూ వచ్చాడు.

"ఏమయిందే ఓబులీ? జొరమా?"

అతని వెనకే తల్లులు, అల్లుళ్లు, వియ్యంకులు, పక్కింటివాళ్లు తోసుకుంటూ వచ్చారు. ఖాళీ గడిని చూసిన యంత్రం పాత నియమమే పాటించి, ఆ నలభై మందికీ అయినవాళ్లందరినీ పిలిచేసింది. ఓబులేశ్వరి నాలిక్కరుచుకుంది.

"జొరం లేదు, ఏం లేదు. లేడిపిల్ల దొరికిందయ్యా!"

"ఎప్పుడు తప్పిపోయింది?" అన్నాడు తిప్పన్న, అయోమయంగా.

"కూర్చో, చెప్తా."

"నువ్వు చెప్పేదేంది? మమ్మల్నీ చూడనీండి!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. దాంతో అందరూ అందుకున్నారు. ఏం జరుగుతోందో చూద్దామని వీధిలోవాళ్లూ లోపలికి వచ్చేస్తున్నారు. కుర్చీలు చాలక కొందరు నేలమీదే చతికిలబడ్డారు.

గోల విని హనుమక్క తెర పక్కనుంచి తొంగిచూసింది. నిండిపోయిన శాలను ఆ మూలనుంచి ఈ మూలదాకా చూసింది. ఆమె గడ్డం అదిరింది. పట్టరాని సంతోషంతో పమిట నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

"పొట్టోళ్లు ముందుకు రాండప్పా!" అని చివరికి కేకేసింది. "మొదట్నించీ ఆడతా."