వంటింట్లో తయారైన ఐదు తూటాలు

మారెక్ కాఫీ కప్పు కోసం చెయ్యి చాచాడు. ఆ చెయ్యి కప్పును అందుకోలేదు. సరస్సు అవతలి నుంచి ఒకే ఒక్క చప్పుడు వినిపించింది. అతను పడవల రేవు చెక్కల మీద వెల్లకిలా పడిపోయాడు.

ఏజెంట్ ఇల్పో హార్యులా చేతుల్లో రెండు కప్పులతో ఒక్క క్షణం కొయ్యబారి నిలబడ్డాడు. తర్వాత కప్పులు విసిరేసి అతనికి అడ్డంగా పడ్డాడు. అప్పటికే అంతా అయిపోయింది.

మారెక్ ఒక పరాయి దేశపు ఎంబసీలో కోడ్ గుమాస్తా. భార్య జిట్కాతో కలిసి పారిపోయి వచ్చి ఫిన్లండ్‌ను ఆశ్రయించాడు. హెల్సింకీలో వేళ్లూనుకున్న అంబర్ రింగ్ అనే గూఢచారుల ముఠా గుట్టంతా ఆ ఇద్దరి తలల్లోనే ఉంది. "మీ ఇద్దరి ప్రాణాలకు నాది పూచీ" అని ఇల్పో వాళ్లకు మాటిచ్చాడు. ఇప్పుడు జిట్కా కాటేజీ మెట్ల మీద నిలబడి చూస్తోంది. ఏడవలేదు, అరవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేదని ఇల్పోకు అనిపించింది.

అవతలి ఒడ్డున షూటర్ పడుకున్న చోటు దొరికింది. నాచులో మోచేతులు దిగిన గుంటలు. పక్కనే ఎర్రపళ్ల పొదలు వేళ్లతో దువ్వినట్టు చెదిరి ఉన్నాయి. ఇల్పో అక్కడ చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు.

"తొడుగు వెతుక్కున్నాడు చీఫ్" అన్నాడు మర్నాడు హెల్సింకీ ఆఫీసులో. "తూటా పేలాక మిగిలే ఇత్తడి తొడుగు."

చీఫ్ రయిలీ మన్నిలా యాష్‌ట్రేలో సిగరెట్ నలిపింది. యాభై దాటిన ఆ బక్కపల్చని మనిషి ముందు మంత్రులు కూడా ఆచి తూచి మాట్లాడతారు.

"ఆధారం వదలకూడదనుకున్నాడు. ప్రొఫెషనల్ కదా."

"ప్రొఫెషనల్ అయితే తుపాకీ గడియ, ఆ బోల్టే తెరవడు. కాల్చింది ఒక్క తూటా. తొడుగుని తుపాకీలోనే ఉంచుకుని లేచిపోతాడు. వీడు అలవాటు కొద్దీ బోల్ట్ లాగాడు, అది ఎగిరి పొదల్లో పడింది. మేం పడవెక్కి వస్తున్నామని తెలిసీ కూర్చుని వెతికాడు. సొంతంగా తూటాలు నింపుకునేవాళ్ల జబ్బు ఇది. ఇత్తడి నేలమీద వదిలేసి రావాలంటే వాళ్లకి ప్రాణం ఒప్పదు."

"అంత కచ్చితంగా ఎలా చెప్తావయ్యా?"

"నాకూ ఉంది ఆ జబ్బు."

రయిలీ పెదవి విరిచింది. ఇల్పో వంటింట్లో తినడానికి బల్ల లేదనీ, దాని మీద తూటాలు నింపే ప్రెస్ బిగించి ఉందనీ ఆఫీసులో అందరికీ తెలుసు. పెళ్లాం వదిలేసి పోయింది అందుకేనని వెనకాల చెప్పుకుంటారు. అది అబద్ధమూ కాదు.

తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన, వెనకే వివేకా లిండ్రూస్ వచ్చింది. నక్కబొచ్చు కాలరు కోటు, ఎత్తు మడమల బూట్లు. మూడేళ్లుగా అంబర్ రింగ్‌లో వాళ్ల మనిషిలా మసలుతూ వీళ్లకు వార్తలు చేరవేస్తున్న డబుల్ ఏజెంట్ ఆమె. పారిపోయి వచ్చినప్పటి నుంచీ జిట్కాకు తోడుగా ఉంటున్నదీ ఆమే. మారెక్ చనిపోయిన రోజు మాత్రం స్టాక్‌హోమ్‌లో ఉన్నానంది.

"మిషన్ వడ్రంగిపిట్ట" అంది రయిలీ. "జిట్కాని తుర్కు రేవు నుంచి స్వీడన్ ఓడ ఎక్కించాలి. గురువారం మధ్యాహ్నం. ఈలోగా ఆ షూటర్ దొరకాలి. మీరిద్దరూ వెళ్తున్నారు."

"తుర్కు నా సొంత ఊరే. మొగుడూ పెళ్లాల్లా వెళ్తాం" అన్నాడు ఇల్పో. "తూటాలు నింపుకునేవాళ్లంతా అక్కడి షూటింగ్ క్లబ్బులోనే చేరతారు, వాకబు చేస్తాను."

"అయ్యో, తుపాకులా!" వివేకా ముక్కు చిట్లించింది. "జన్మలో ముట్టుకోలేదు. ఆ నూనె కంపు కోటుకి అంటిందంటే వారం రోజులు వదలదు."

దుప్పుల వేట సీజన్ దగ్గర పడింది. తుర్కు క్లబ్బు ఇసకదిబ్బల ముందు జనం కిటకిటలాడుతున్నారు. పొయ్యి మీద సాసేజీలు కాలుతున్నాయి. కాల్చినవాడు కాల్చినట్టే వంగి తొడుగులు ఏరుకుంటున్నాడు. డాక్టరుకీ, లారీ డ్రైవరుకీ అక్కడ తేడా లేదు.

"ఇల్పో! మళ్లీ పెళ్లి చేసుకున్నావంట, చెప్పలేదేంరా దొంగ సచ్చినోడా?" పక్క బల్ల దగ్గర సూలో వైనిక్కా అరిచాడు. బొజ్జ బల్లకు ఆనించి రైఫిల్ పేల్చే బేకరీ యజమాని అతను. "అమ్మాయ్, చెవులు మూసుకో. మీ ఆయన కంటే నేనే మంచి గురిగాణ్ణి, చూస్కో!"

ఢాం అని మోగింది. సూలో బోల్ట్ లాగాడు. వేడి తొడుగు గిరగిరా తిరుగుతూ వివేకా వైపు ఎగిరింది.

ఆమె అరవలేదు, జరగలేదు. చెయ్యి దానంతటదే లేచి తొడుగుని గాల్లోనే పట్టుకుంది. వేడి తగ్గేదాకా అరచేతుల్లో దొర్లించింది. మూతి వైపు ఒకసారి చూసి, బొటనవేలితో మసి తుడిచి, కోటు జేబులో వేసుకుంది.

"ఓరి దేవుడో, పట్టపగలే దోపిడీ!" సూలో పగలబడి నవ్వాడు. "పక్కోడి ఇత్తడి జేబులో వేసుకుందంటే ఈ పిల్ల మన కులమేరా!"

అందరూ నవ్వారు. వివేకా కూడా నవ్వుతూ, "ముద్దుగా ఉందని తీసుకున్నాను బాబూ, ఇదిగో" అని తిరిగిచ్చేసింది. ఇల్పో కూడా నవ్వాడు. నవ్వుతూనే ఆమె వేళ్ల వంక చూశాడు. సరస్సు ఒడ్డున పొదలు దువ్విన వేళ్లు అవే.

ఫోన్‌లో రయిలీ కొట్టిపారేసింది. "ఇత్తడి ముక్క జేబులో వేసుకుందని మూడేళ్ల ఏజెంట్‌ని ఉరి తియ్యమంటావా? ప్రూఫ్ తీసుకురా."

బుధవారం వివేకా హోటల్ ఆవిరిగదికి వెళ్లినప్పుడు, గురక పడదని ఆమె విడిగా తీసుకున్న గదిలో ఇల్పో మెకానిక్ వేషంలో దూరాడు. మేకప్ పెట్టె అడుగున దొంగ అర ఉంది. అందులో బొటనవేలంత తక్కెడ, మెత్తటి గుడ్డలో ఐదు తూటాలు. ఒక్కో తొడుగు అద్దంలా తోమి ఉంది, బుల్లెట్‌ని పట్టి ఉంచే మెడలు ఒకే ఎత్తుకు చెక్కి ఉన్నాయి. పనితనానికి అతనికి ముచ్చటేసింది. ఆ ముచ్చటకు తనమీద తనకే అసహ్యం వేసింది. మారెక్ గుండెలో దిగింది వీటి తోబుట్టువే.

రైఫిల్ మాత్రం లేదు.

"అరెస్టు చేసేద్దాం" అంది రయిలీ ఈసారి. 

"రైఫిల్ మోసుకొచ్చేవాడు తప్పించుకుంటాడు చీఫ్. ఇంకో షూటర్ వస్తాడు, వాడి మొహం మనకి తెలియదు. దీన్నైతే తెలుసు."

"అయితే ఆ తూటాల్లో మందు తీసేసి ఇసక పొయ్యి."

"తూస్తుంది. చెవి దగ్గర ఊపుతుంది. ఒకటి విప్పి కూడా చూస్తుంది. నేనైతే అదే చేస్తాను. అన్నిటికీ నిలవాలంటే అసలైన తూటాలే పెట్టాలి. కాకపోతే అవి నావై ఉండాలి."

ఆ సాయంత్రం ఇల్పో హెల్సింకీ వెళ్లి తన వంటింట్లో ప్రెస్ ముందు కూర్చున్నాడు. ఆమె తూటాల కొలతవే, తన రైఫిల్‌లో పేలిన తొడుగులు ఐదు ఎంచాడు. మందుకి నిప్పంటించి కాలిపోయిన ప్రైమర్లు పొడిచి తీశాడు, తోమాడు, అంచులు చెక్కాడు. పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి, ఆ తుపాకీ లోపలి ఆకారమే తెచ్చుకుంటుంది. వేరే తుపాకీలో పట్టాలంటే దాన్ని ఒళ్లంతా నొక్కి మళ్లీ సన్నం చెయ్యాలి. ఇల్పో బుల్లెట్ నిలబడేందుకు మెడ ఒక్కటే నొక్కి, దాని కింద వాలుగా వెడల్పయ్యే భుజాన్ని అలాగే వదిలేశాడు. అతనిది లోపల బాగా వదులైన పాత రైఫిల్. ఈ తూటా దానిలో హాయిగా పడుతుంది. మరో దానిలో బోల్ట్ మూసుకోకూడదు.

మూసుకోకూడదు, అంతే. ఆమె రైఫిల్ కూడా వదులైనదైతే మూసుకుంటుంది. అప్పుడు జిట్కా చచ్చిపోయేది ఇల్పో చేతి తూటాతోనే. మందు పోస్తూ మధ్యలో ఆగాడు. పోసింది పారబోసి మళ్లీ తూచాడు. తెల్లారేసరికి తుర్కు చేరి, వివేకా కాఫీకి దిగినప్పుడు ఆమె అరలోని ఐదింటినీ తీసి తనవి పెట్టాడు.

జిట్కాకు ఏదీ దాచలేదు. అంతా విని ఆమె, "నా బదులు ఇంకెవరినైనా నడిపిస్తారా?" అని అడిగింది.

"వివేకాకి మీ నడక తెలుసు. కనిపెట్టేస్తుంది. మీరు వద్దంటే మానేద్దాం."

"మానేస్తే రేపు ఇంకో రేవు, ఎల్లుండి ఇంకో కిటికీ. నేనే నడుస్తాను."

గురువారం రేవులో వివేకా జలుబు చేసిందని ముక్కు తుడుచుకుంటూ, "నేను గోడౌన్ పైనుంచి చుట్టూ కనిపెడుతుంటాను, నువ్వు కింద చూసుకో" అంది. ఇల్పో సరేనన్నాడు.

కాసేపటికి రేవు కూలీ వేషంలో ఒకడు పొడవాటి పనిముట్ల పెట్టెతో గోడౌన్ మెట్లెక్కాడు. ఉత్త చేతులతో దిగాడు. దిగీ దిగగానే రయిలీ మనుషులు వాడి నోరు మూసి వ్యాన్‌లో కుక్కేశారు. ఇల్పో మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు.

పైన తలుపు లోపలినుంచి గడియ వేసి ఉంది. అది అతను లెక్కలో వేసుకోలేదు.

చెక్కల సందులోంచి ఆమె వీపు కనబడుతోంది. కిటికీ అవతల, బూడిదరంగు కోటులో జిట్కా ఓడ నిచ్చెన వైపు నడుస్తోంది. వివేకా తూటా పెట్టి బోల్ట్ తోసింది. కొంత దూరం పోయి ఆగింది. మళ్లీ తోసింది. ఆగింది. అరచేత్తో ఒక్క పోటు పొడిచింది.

బోల్ట్ పిడి కొంచెం కిందికి దిగింది. పూర్తిగా దిగితే ఇక పేల్చడమే.

ఇల్పో రెండడుగులు వెనక్కి వేశాడు. భుజంతో తలుపు గుద్దాడు. గడియ మూలిగింది. ఆమె తిరిగి చూడకుండా మళ్లీ పొడిచింది. పిడి సగానికి వచ్చింది. జిట్కా నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. మూడో పోటుకి పిడి కదల్లేదు. వెనక్కి లాగింది. రాలేదు. తూటా అటూ ఇటూ కాకుండా బిగుసుకుపోయింది.

తలుపు ఊడి ఇల్పో లోపల పడ్డాడు. ఆమె రైఫిల్‌ని కర్రలా తిప్పి కొట్టింది. అతని భుజం ముందరి ఎముక పటుక్కున విరిగింది. అయినా ఆమె నడుం పట్టుకుని వదల్లేదు. వెనక వచ్చినవాళ్లు ఇద్దర్నీ విడదీసి ఆమెకు సంకెళ్లు వేశారు.

వివేకా రొప్పుతూ తుపాకీలో ఇరుక్కున్న ఇత్తడి అంచుని చూసింది. తూటాలు ఎవరివో అడగలేదు.

"మెడ ఒక్కటే నొక్కావు" అంది. "సోమరి పని."

చెయ్యి మెడకు కట్టించుకుని ఇల్పో ఓడ మీదికి వెళ్లాడు. జిట్కా ఓడ అంచు కమ్మీ పట్టుకుని నీళ్ల వైపు చూస్తోంది.

"ఇద్దరికీ మాటిచ్చారు" అంది.

"అవును."

"సగం నిలబెట్టుకున్నారు." ఆ మాటలో కోపం లేదు, కృతజ్ఞతా లేదు. ఒక్కసారి అతని మంచి చేతిని పట్టుకుని వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. ఆ సగం కోసమైనా తాను బతికి ఉండాలనుకున్నాడు ఇల్పో. 

కారులో రయిలీ మోకాలి మీద కాగితం పెట్టుకుని పెన్ను తీసింది.

"మంత్రిగారికి రిపోర్ట్ పోవాలి. ఈ వ్యవహారం నుంచి నేర్చుకున్న పాఠం ఏమిటని అడుగుతారు. ఏం రాయను?"

"పక్కోడు నింపిన తూటా చచ్చినా వాడొద్దని రాయండి చీఫ్" అన్నాడు ఇల్పో, నొప్పికి కళ్లు మూసుకుని. "మా క్లబ్బులో చేరిన రోజే చెప్తారు."