నలభై ఒకటో ప్రశ్న

"మీరు ప్రశ్న అడిగినట్టు లేదు, హాజరు పిలిచినట్టుంది," అంది వేదవతి, టేపురికార్డరు ఆపి.

"సర్వేయర్నండీ. నేల నాతో ఎప్పుడూ తిరిగి మాట్లాడలేదు," అన్నాడు మధుసూదన్.

అది 1976. దోహాలో, అల్ హిలాల్ పేటలో, అన్నగారింట్లో ఉంటూ ఒక బడిలో పాఠాలు చెప్పేది వేదవతి. ముప్పై రెండేళ్ళు వచ్చాక పెళ్ళి ఊసు అందరూ మానేశారు. ఆమెకు మిగిలింది, ఏ భాషలో ప్రశ్న ఎలా అడుగుతారన్న పరిశోధన.

సొమాలీలో "ఎవరు వచ్చారు" అంటే, జవాబులో ముఖ్యమైన మాట ఏదన్నది ఒక చిన్న పదం వేలుపెట్టి చూపిస్తుంది. ఆండీస్ కొండల కెచువాలో ఆ పని మాట చివర చేరే ప్రత్యయానిది. అవునా కాదా అనే సందేహం కూడా ఏ మాట మీద ఉంటే దానికే ప్రత్యయమై అంటుకుంటుంది. ఆటవిక భాషల్లో వ్యాకరణమేముంటుందని హైదరాబాదు నుంచి ఆమె ఆచార్యుడు రాశాడు. తనకు తెలియకపోవడాన్ని ఆయన అభిప్రాయం అనేవాడు.

కెచువా పుస్తకాల్లో దొరికింది. సొమాలీకి వార్సమే ఉన్నాడు, మధుసూదన్ పనిచేసే పైపుల యార్డు కాపలాదారు. యార్డులోకి ఆడవాళ్ళను రానివ్వరు. అందుకని మధుసూదనే ఆమె ప్రశ్నలు వార్సమేను అడిగి, ప్రతి శుక్రవారం టేపు తెచ్చి ఇచ్చేవాడు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడగాలి, లేకపోతే జవాబు బిగుసుకుపోతుందని ఆమె నియమం. అతను నేర్చుకున్నాడు. సొంత ప్రశ్నలు చేర్చి జాబితా చూపేవాడు; ఆమె ఎర్రసిరాతో దిద్దేది.

ఏడు నెలల తర్వాత జాబితా చివర నలభై ఒకటో ప్రశ్న కనిపించింది: "ఈ ఊళ్ళో నాతో ఉండిపోయేదెవరు?"

ఆమె కొట్టేసి పక్కన రాసింది: "కృత్రిమం. ఎవరూ ఇలా అడగరు."

తర్వాతి శుక్రవారం అతను రాలేదు. యార్డు డ్రైవరు గులాం నబీ టేపు తెచ్చి, సాబ్ కాంట్రాక్టు పొడిగింపు వద్దనుకున్నాడనీ, ఎల్లుండి బొంబాయి విమానమనీ చెప్పాడు.

టేపు చివర, విరిగిన ఉర్దూలో వార్సమే నలభై ఒకటి ఏమైందని అడుగుతున్నాడు. కొట్టేశారన్నాడు మధుసూదన్. అది నన్నడగాల్సింది కాదుగా, అన్నాడు వార్సమే.

రెండు ఖండాల ప్రశ్నలు విప్పిన మనిషి తన ఎదుట కూర్చున్నవాడి ప్రశ్న వినలేదు. ఇందులో ఆచార్యుణ్ణి తప్పుపట్టడానికి వీల్లేదు. వేదవతికి చదువుకున్న గర్వం ఉంది. ఆ మధ్యాహ్నం అది ఆమెకు తోడు రాలేదు.

యార్డుకు బయల్దేరుతుంటే అన్నయ్య వారించాడు. నలుగురూ ఏమనుకుంటారన్నాడు. నలుగురూ తనను అడగడం ఎప్పుడో మానేశారని చెప్పి ఆమె గులాం నబీ కారెక్కింది.

యార్డు గేటు దగ్గర మధుసూదన్ కొలత గొలుసుల లెక్క అప్పగిస్తున్నాడు. దుమ్ములో నిలబడి ఆమె అంది:

"అది ఉదాహరణ వాక్యమనుకున్నాను."

"పోనీండి. ఎవరూ అలా అడగరుగా."

"మీరు అడిగారు. నేనుంటాను, మధుసూదన్ గారూ."

అతను గొలుసు కింద పెట్టాడు. "కాంట్రాక్టు వద్దని రాసిచ్చేశాను."

"కావాలని రాసివ్వండి. ఈసారి నేను దిద్దను."

వార్సమే తనకున్న ఒక్క కుర్చీని తెచ్చి గేటుకు బయట, ఆమె కోసం వేశాడు.